పాముచెవి

పని మొదలుపెట్టే ముందు పాముచెవి రోజూ హెడ్‌ఫోన్లను చేతిరుమాలుతో తుడుస్తుంది. వాటి మెత్తలు అరిగిపోయి నల్లటి పొట్టు రాలుతోంది. సాయంత్రానికి ఆమె చెవుల వెనక మసి పూసినట్టుంటుంది. కొత్తవి కొంటానని యజమాని ఏడాదిగా అంటున్నాడు, ఆమే వద్దంటోంది. కొత్తవాటిని నమ్మడానికి తనకు మరో ఏడాది పడుతుందని ఆమె వాదన. మనుషుల విషయంలోనూ ఆమె పద్ధతి అంతే.

వాళ్ళది చదివి వినిపించే పుస్తకాలు తయారుచేసే సంస్థ. చదివేవాళ్ళు ఎవరింట్లో వాళ్ళు మైకు ముందు కూర్చుని అధ్యాయాలు చదివి పంపుతారు. అవి జనం ఫోన్లలోకి వెళ్ళేముందు ఈమె చెవుల్లోంచి వెళ్ళాలి. కుర్చీ కిర్రుమన్నా, కాగితం గరగరమన్నా, చదివే మనిషి కడుపులో ఆకలి గుర్రుమన్నా పట్టేసుకుంటుంది. ఒకసారి ఒకాయన అధ్యాయం విని, అతనికి జలుబు రాబోతోందని అతనికన్నా ముందే చెప్పి, రెండు రోజులు మాట్లాడకుండా పడుకోమని కబురు పెట్టింది. అతను నవ్వి ఊరుకున్నాడు, ఆ వారమే మంచం పట్టాడు. అప్పటినుంచీ పాముచెవి అన్న పేరు నిలిచిపోయింది. ఆ పేరంటే ఆమెకు కోపం లేదు సరికదా, ఎవరైనా కొత్తవాళ్ళ ముందు అలా పిలిస్తే ఏదో పనున్నట్టు తల దించుకుని లోపల్లోపల మురిసిపోయేది.

ఆ బుధవారం ఆమె ముందుకొచ్చింది అల్మరా ఆయన చదివిన అధ్యాయం. ఆయన్ని ఆమె ఎన్నడూ చూడలేదు. బట్టల అల్మరాలో, వేలాడే కోట్ల మధ్య ముక్కాలిపీట వేసుకుని చదువుతాడని మాత్రం తెలుసు. బట్టలు గొంతు చుట్టూ గదిలో మోగే గుయ్యిని పీల్చేసుకుంటాయి కాబట్టి ఇళ్ళలో చదివేవాళ్ళు చాలామంది ఇలాంటి వేషాలే వేస్తారు. ఆయన గొంతు తాపీగా, వీధిలో పరిచయస్తుడు ఎదురై ఆగి మాట్లాడినట్టుగా ఉంటుంది. ఆ రోజు మాత్రం ఆమె వేలు రెండో పేజీ దగ్గరే ఆగింది. వెనక్కి తిప్పి మళ్ళీ వింది. గొంతు అంచులు అరిగినట్టున్నాయి. మాట ఆగినచోట ఉండాల్సిన నిశ్శబ్దం మెత్తగా లేదు, చిరిగినట్టుంది. కళ్ళు మూసుకుని మూడోసారి వింది. తల ఊపి, రిమార్కుల గడిలో "నొక్కిన ఫైలు" అని కొట్టి, టీకి లేచింది.

నొక్కిన ఫైలంటే ఆ ఆఫీసులో దొంగసరుకుతో సమానం. మనిషి గొంతులో మన చెవికి అందనివి, అందినా మనం పట్టించుకోనివి కొన్ని ఉంటాయట. వాటిని ఏరి పారేసి ఫైలును పదోవంతుకు కుదించే ప్రోగ్రాములున్నాయి. పంపడం తేలిక, కానీ పారేసింది మళ్ళీ రాదు. నొక్కినదాన్ని తిరిగి పెద్ద ఫైలుగా మార్చి పంపినా బరువు పెరుగుతుందే గానీ పోయింది పోయినట్టే. చదివేవాళ్ళు ఏమీ పారేయని నిండు ఫైలే పంపాలని నియమం. నొక్కింది పంపి నిండుదని చెప్పినట్టు రెండుసార్లు తేలితే ఇక వాళ్ళకు పని ఇవ్వరు. అల్మరా ఆయనకు వానాకాలంలో ఒక రిమార్కు పడింది. ఇది రెండోది.

టీ బాగుంది. ఆమె రెండు బిస్కెట్లు కూడా తింది.

మర్నాడు పొద్దున ఆమె హెడ్‌ఫోన్లు తుడుస్తుండగా గది తలుపు తట్టి ఒకాయన లోపలికొచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. కోటు మోచేతుల దగ్గర నునుపెక్కి ఉంది. తొందరగా నడిచి వచ్చాడేమో, ఊపిరి కుదుటపడేదాకా గోడకు అతికించిన, చప్పుడు పీల్చే నురుగు పలకలను చూస్తూ నిలబడ్డాడు.

"మీరేనా అమ్మా, నాది నొక్కిన ఫైలన్నది?"

ఆ ఒక్క ముక్కతోనే ఎవరో తెలిసిపోయింది. హెడ్‌ఫోన్లలో అంత నిండుగా ఉండే గొంతు ఇంత సన్నటి మనిషిలోంచి రావడం ఆమెకు ఏదోలా అనిపించింది.

"అవునండీ, నేనే."

"నేను నిండుదే పంపానమ్మా. కిందటిసారీ నిండుదే పంపాను. గొడవెందుకులే అని అప్పుడు నోరు మూసుకుని మళ్ళీ చదివిచ్చాను."

"అందరూ అలాగే అంటారు. నా చెవికి తెలిసిపోతుందండీ."

"తెలుస్తుందేమో, నేను కాదనను. కానీ నేను చెయ్యని పని మీ చెవికెలా తెలిసిందమ్మా?"

ఆ ప్రశ్నలో వెటకారం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. అందుకే ఆమెకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఇన్నేళ్ళలో తన మాటకు ఎదురుచెప్పినవాడు లేడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం కాదు తాను. వింటుంది, మళ్ళీ వింటుంది, అప్పుడే అంటుంది. ఆ సంగతి చెప్పబోయేలోగా గొడవ విని చిన్నసారు వచ్చాడు. తండ్రి పెట్టిన సంస్థను నడుపుతున్నాడు కాబట్టి, నెత్తిమీద సగం వెంట్రుకలు రాలినా ఇంకా అందరికీ చిన్నసారే. ఆయన వెనకే, ఎప్పుడూ మెడలో రెండు మూడు వైర్లు వేసుకు తిరిగే ఇంజనీరు తీగలాయన.

"తెర మీద శబ్దం గీతల బొమ్మ చూస్తే తేలిపోదూ?" అన్నాడు చిన్నసారు.

తీగలాయన మెడ గోక్కున్నాడు. "ఈయన మైకు చవకది సార్. నొక్కితే పోయే పైస్థాయి శబ్దాలను అసలు పట్టదు. నొక్కినా నొక్కకపోయినా బొమ్మ ఒకేలా ఉంటుంది. దాన్నిబట్టి ఏమీ చెప్పలేం."

"అయితే అక్క చెవే దిక్కు" అన్నాడు చిన్నసారు. అంతలోనే ఆయన కళ్ళు మెరిశాయి. "శనివారం యాప్ కంపెనీ మేడమ్ వస్తోంది కదా. ఆవిడ ముందే తేల్చేద్దాం. ఒకే గొంతు, ఒకటి నిండుది, ఒకటి నొక్కింది. ఏది ఏదో చెప్పకుండా పదిసార్లు వినిపిద్దాం. అక్క చెప్పేసిందనుకోండి, ఇక మీరు మాట్లాడకూడదు. చెప్పలేకపోతే మీ రిమార్కు కొట్టేస్తాను. సరేనా?"

పరీక్ష ఎవరికో, ప్రదర్శన ఎవరిదో చెప్పనక్కర్లేదు. ఏడాదికి సరిపడా పుస్తకాలు కొనే మేడమ్ ముందు తమ దగ్గర ఎలాంటి చెవి ఉందో చూపించుకోవాలని చిన్నసారు ఆరాటం.

అల్మరా ఆయన వెంటనే సరే అనలేదు. "ఇంట్లో మా ఆవిడకి ఫిట్స్ సార్. ఎప్పుడొస్తాయో తెలీదు. ఈ పనుంది కాబట్టి పక్కనే ఉండగలుగుతున్నాను. ఇది పోతే బయటికెళ్ళాలి. ఆవిడ్ని గదిలో పెట్టి తాళం వేసుకుని వెళ్ళాలి" అన్నాడు. "సరే సార్, శనివారం వస్తాను. పక్కింటావిడని ఓ గంట కూర్చోమంటాను" అన్నాడు మళ్ళీ తనే.

ఆయన వెళ్ళాక ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకుంది కానీ చాలాసేపు ఏదీ మొదలుపెట్టలేదు.

* * *

సాధన చేసుకోవడానికని తీగలాయన ఒక పెన్‌డ్రైవ్‌లో రెండు ఫైళ్ళు వేసిచ్చాడు. "నీకెందుకక్కా ఇవన్నీ, కళ్ళు మూసుకుని చెప్పేస్తావ్" అన్నాడు కూడా. ఆమె దాన్ని సంచి అడుగున, కళ్ళజోడు డబ్బాలో దాచుకుని ఇంటికి తెచ్చింది.

ఆమె భర్త ఇళ్ళకు రంగులు వేస్తాడు. మోచేతుల దాకా కిరసనాయిలు రాసుకుని, సబ్బుతో కడుక్కుని వచ్చేసరికి భోజనాల బల్ల మీద పాత ల్యాప్‌టాప్, దాని ముందు అడ్డంగా అట్టపెట్టె మూత ఉన్నాయి. ఏం చేయాలో ఆమె చెప్పింది. అట్ట వెనక తనకు కనపడకుండా ఇష్టమొచ్చిన ఫైలు మొదలుపెట్టాలి, తను ఏదో చెప్పాలి. ఒప్పైతే అగ్గిపుల్ల కుడిపక్క, తప్పైతే ఎడమపక్క.

"బోణీ బాగుంది" అన్నాడు ఆయన మొదటి పుల్ల కుడిపక్క వేస్తూ. తర్వాతిది ఎడమపక్క పడింది. ఆ తర్వాతదీ అటే. ఆమె ఫ్రిజ్ తీగ పీకేసింది, ఫ్యాన్ ఆపింది, కిటికీ వేసింది. చెమటలు కారుతుంటే మళ్ళీ కూర్చుంది. అగ్గిపెట్టె ఖాళీ అయ్యేసరికి రెండు కుప్పలూ అన్నదమ్ముల వాటాల్లా సమానంగా ఉన్నాయి.

"మీరు సరిగ్గా పెట్టడం లేదు."

"ఉన్నవి రెండు. అందులో సరిగ్గా పెట్టకపోవడానికేముందే?"

"మీ చేతికి రంగు వాసనొస్తోంది. ధ్యాస కుదరట్లేదు."

"చెవితో వాసన చూస్తున్నావా?" అన్నాడు ఆయన. తన హాస్యానికి తనే నవ్వుకుని, ఆమె మొహం చూసి నవ్వు ఆపేశాడు. పుల్లలన్నీ మళ్ళీ పెట్టెలో సర్దుతూ, "మొన్న ఒకింట్లో ఏమైందో తెలుసా? తెలుపులో ఏ తెలుపు కావాలో మొగుడూ పెళ్ళాలు తేల్చుకోలేకపోయారు. నేను ఒకే డబ్బాలోది రెండు గిన్నెల్లో పోసి చూపించాను. ఆయనేమో ఇది పాలలా ఉంది అంటాడు, ఆవిడేమో కాదు సున్నంలా ఉంది అంటుంది. అరగంట కొట్టుకున్నారు" అన్నాడు.

"మీరేం చేశారు?"

"పాలలాంటిదే వేశాను. ఇద్దరికీ నచ్చింది."

ఆమెకు నవ్వు రాలేదు. చెప్పుల్లో కాళ్ళు దూర్చి బయటికి నడిచింది. వీధి చివర దాకా వెళ్ళి, ఎందుకొచ్చిందో తెలియక తిరిగొచ్చింది. దారంతా ఆమె చెవులు పనిచేస్తూనే ఉన్నాయి. సైకిల్ చెయిన్‌లో ఒక పల్లు దెబ్బతిన్న సంగతి, మూడో ఇంట్లో పంపు వాషరు పోయిన సంగతి, ఎవరో పసివాడు ఆకలికి కాక నిద్రకోసం ఏడుస్తున్న సంగతి, అన్నీ అడక్కుండానే తెలిసిపోతున్నాయి. కావలసిన ఆ ఒక్కటి మాత్రం తెలియడం లేదు. ఇంట్లోకొచ్చి మళ్ళీ బల్ల ముందు కూర్చుంది.

మర్నాడు సాయంత్రమూ అదే తంతు. ఈసారి ఆఫీసు హెడ్‌ఫోన్లు అడిగి తెచ్చుకుంది. అది నొక్కిందని తెలిసి వింటే గొంతు అంచులు స్పష్టంగా అరిగినట్టే ఉన్నాయి. నిండుదని తెలిసి వింటే మెత్తగా, గుండ్రంగా ఉంది. తెలియకుండా వింటే రెండూ ఒకటే మనిషి, ఒకటే గొంతు. మొదట అది పొరపాటనుకుంది. పదేపదే అదే జరిగేసరికి హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. అంటే ఇన్నాళ్ళూ తాను ముందు అనుమానపడి, ఆ తర్వాతే విందన్నమాట.

ఆమె ఇల్లంతా కాలుగాలిన పిల్లిలా తిరిగింది. ఆరేసిన బట్టలు తీసి, మడిచి, ఇంకా తడిగా ఉన్నాయని గుర్తొచ్చి మళ్ళీ ఆరేసింది.

"తెలీట్లేదని రేపు చెప్పేయ్. పోయేదేముంది?" అన్నాడు భర్త.

"పోయేదేముందా? ఇన్నేళ్ళు నేను వేసిన రిమార్కులన్నీ ఏమవుతాయి? ఒకళ్ళా ఇద్దరా?"

ఆయన మెడ వెనక మిగిలిపోయిన రంగు మరకను గోటితో గీరుకుంటూ కూర్చున్నాడు. కాసేపయ్యాక, "ఏమో, అక్కడికెళ్ళాక అన్నీ కరెక్టుగా చెప్పేస్తావేమో. పరీక్షల్లో అలా అవుతుంది" అన్నాడు.

అలా జరిగితే బాగుండుననే ఆమె కోరిక. ఆ కోరిక కలిగినందుకు సిగ్గు కూడా కలిగింది. ఆమె పేరు నిలబడితే అల్మరా ఆయన ఇంట్లో ఆ గదికి తాళం పడుతుంది.

* * *

శనివారం ఆమె వెళ్ళేసరికి అల్మరా ఆయన వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళ మీద సంచి, సంచి మీద ఫోను. ఫోను తెర మీద మాటిమాటికీ వేలు రాసి చూస్తున్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. పట్టించుకోకుండా లోపలికెళ్ళిపోదామనుకుంది గానీ కాళ్ళు ఆగిపోయాయి.

"ఎలా ఉన్నారు, మీ ఇంట్లో ఆవిడ?"

"ఈ నెలలో మళ్ళీ కాస్త ఎక్కువైందమ్మా. పిలవడానికి కూడా టైముండదు ఆవిడకి, ఒక చిన్న మూలుగు వస్తుంది అంతే. అది వినపడితే పరిగెత్తుకెళ్ళి పట్టుకోవచ్చు. అందుకే ఈ మధ్య అల్మరా తలుపు జానెడు తీసిపెట్టి చదువుతున్నా."

ఆమె అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయింది. మాట ఆగినచోట చిరిగినట్టున్న నిశ్శబ్దం. తలుపు తీసి ఉంటే గది గాలంతా లోపలికొస్తుంది. కోట్లు పీల్చుకోవాల్సిన గుయ్యి ఆ జానెడు సందులోంచి మైకు మీద పడుతుంది. తాను విన్నది అదే. విన్నదాంట్లో తప్పులేదు. దానికి పెట్టిన పేరే తప్పు.

"వానాకాలంలో?" అంది. తన గొంతు తనకే పీలగా వినపడింది.

"అప్పుడూ ఇలాగే ఎక్కువైందమ్మా, తలుపు తీసే చదివాను. మీరు రిమార్కు వేశాక, రెండోసారి చదివినప్పుడు మా చెల్లెలొచ్చి ఆవిడ పక్కన కూర్చుంది. తలుపు మూసుకుని చదివాను."

ఆ మాట ఇప్పుడే వెళ్ళి చిన్నసారుకు చెప్పాలనుకుని లేచింది. అంతలో చిన్నసారే ఎదురొచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నంత పనిచేశాడు. "రా అక్కా, మేడమ్ వచ్చేశారు" అంటూ లోపలికి తీసుకుపోయాడు. గదిలో మేడమ్ ఉంది, మరో నలుగురు ఉద్యోగులు గోడలకానుకుని ఉన్నారు, తీగలాయన మిషను ముందున్నాడు, వెనకే వచ్చిన అల్మరా ఆయన తలుపు దగ్గర నిలబడ్డాడు. చిన్నసారు అప్పటికే జలుబు కథ చెప్పేశాడు. మేడమ్ చిన్న జుట్టు మనిషి. నవ్వుతూ లేచి, "మీ గురించి చాలా విన్నాను" అంది. ఆ నలుగురిలో ఆమె నోరు పెగల్లేదు. చెప్పుకోవడానికి ఏముంది, పరీక్షలో ఎలాగూ తప్పుతానుగా, అప్పుడు ఆయన రిమార్కు దానంతటదే పోతుందిగా అని మనసుకు సర్దిచెప్పుకుంది. పిరికితనానికి ఇంతకన్నా మంచి ముసుగు దొరకదు.

ఆమెను గోడవైపు తిప్పి కూర్చోబెట్టారు. పాత హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. వెనక తీగలాయన మీట నొక్కిన చప్పుడు, టక్. గొంతు మొదలైంది. పుస్తకంలోంచి నాలుగు వాక్యాలు. "నిండుది" అంది. తర్వాతది విని మళ్ళీ "నిండుది" అంది. ఏం చెబుతోందో తనకే తెలియదు.

మూడోది మొదలైనప్పుడు వినపడింది. మెత్తలు అరిగిన హెడ్‌ఫోన్లలోకి బయటి చప్పుళ్ళు కూడా వస్తాయి. టక్ అన్న వెంటనే గొంతు రాలేదు. కనురెప్ప కొట్టినంతసేపు ఖాళీ, ఆ తర్వాత మాట. నాలుగోదానికి టక్, వెంటనే మాట. ఐదోదానికి టక్, ఖాళీ, మాట. ఫైలును నొక్కే ప్రోగ్రాము దాని మొదట్లో ఒక చిన్న ఖాళీని అతికిస్తుంది. దాన్ని కత్తిరించడం తీగలాయన మరిచిపోయాడు. ఇంట్లో ముసలి ల్యాప్‌టాప్ ప్రతిదాన్నీ నసుగుతూ మొదలుపెట్టేది కాబట్టి ఆమెకు అప్పుడు తెలియలేదు. ఈ మిషను అలా కాదు, వేలు తగిలితే చాలు.

"నొక్కింది" అంది. "నిండుది. నొక్కింది."

ఆపాలనుకుంది. కావాలని ఒకటి తప్పు చెబుదామనుకుంది. కానీ ఇన్నేళ్ళుగా విన్నది విన్నట్టు చెప్పడానికి అలవాటుపడ్డ నోరు, చెవికి తెలిసినదాన్ని దాచలేకపోయింది. ప్రతి జవాబుకీ వెనక నుంచి ఎవరో ఊపిరి బిగబట్టడం, వదలడం వినపడుతోంది. ఆ ఊపిరి ఎవరిదో కూడా ఆమెకు తెలుసు.

"పదికి తొమ్మిది!" అని చిన్నసారు అరిచాడు. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. మేడమ్ కూడా కొట్టింది. చిన్నసారు ఆమె కుర్చీని తనే ఇటు తిప్పి, "చెప్పానా? చెప్పానా లేదా?" అన్నాడు. ఆయన మొహంలో వెలుగు చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది.

అల్మరా ఆయన ముందుకొచ్చాడు. వాదిస్తాడని అందరూ అనుకున్నారు. ఆమె కూడా అదే కోరుకుంది.

"తొమ్మిదంటే మాటలు కాదమ్మా" అన్నాడు ఆయన. "నా మిషన్లోనే ఏదో తేడా ఉండుంటుంది. నాకు తెలీకుండా అదే నొక్కేస్తోందేమో. నేనెప్పుడూ చూసుకోలేదు. మిమ్మల్ని అనుమానించాను, ఏమీ అనుకోకండి." చిన్నసారు వైపు తిరిగి, "మిగిలిన అధ్యాయాలు ఎవరికిస్తారో చెబితే, పేర్లు ఎలా పలకాలో వాళ్ళకి చెప్పి వెళ్తాను సార్" అన్నాడు.

నిజం తనవైపే ఉన్న మనిషి, తన చెవి చూపించిన గారడీని నమ్మి తనను తానే అనుమానించుకుంటున్నాడు. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మంట ఆయన మీద కాదు.

"తీగలాయనా, ఇంకోసారి పెట్టు."

"ఎందుకక్కా, అయిపోయిందిగా" అన్నాడు చిన్నసారు.

"ఇంకోసారి పెట్టమంటున్నాను. ఈసారి శబ్దం పూర్తిగా తగ్గించి మొదలుపెట్టు. మాట మొదలయ్యాక మెల్లగా పెంచు."

తీగలాయన ఒక్క క్షణం అయోమయంగా చూశాడు. తర్వాత ఫైళ్ళు తెరిచి తెర మీదకు వంగాడు. మెడలోని వైరు ఒకటి జారి కింద పడింది, తీసుకోలేదు. "అయ్యో, మొదట్లో ఖాళీ..." అని గొణిగాడు.

"అక్క అలసిపోయింది మేడమ్, టీ తాగుదాం రండి" అన్నాడు చిన్నసారు. మేడమ్ కదల్లేదు. "పెట్టండి, చూద్దాం" అంది.

ఆమె తనే కుర్చీని గోడవైపు తిప్పుకుంది. ఈసారి టక్ అన్న తర్వాత అంతా ఖాళీయే. ఆ ఖాళీలోంచి గొంతు దూరం నుంచి నడిచి వస్తున్నట్టు మెల్లగా పెరిగింది. ఆమె కావాలని తప్పు చెప్పలేదు. తన బతుకులో ఎన్నడూ అంత శ్రద్ధగా వినలేదు. ఒక్కో అక్షరాన్నీ పట్టుకుని తడిమింది. గట్టిగా, అందరికీ వినపడేలా జవాబు చెప్పింది. ఐదోదానికి గోడలకానుకున్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారు. ఎనిమిదోదానికి చిన్నసారు వచ్చి ఆమె భుజం తట్టాడు. ఆమె చెయ్యి ఎత్తి ఆగమంది. చివరిదాకా విని, హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఎన్ని?"

"నాలుగు" అన్నాడు తీగలాయన.

"ఇందాక నేను విన్నది నిండుదనాన్ని కాదు మేడమ్. ఫైలు మొదట్లో ఉన్న ఖాళీని విన్నాను. అది లేకపోతే నాకు తెలీదు. ఇంట్లో రెండ్రోజులు చూశాను, తెలీలేదు." అల్మరా ఆయన వైపు తిరిగింది. "మీ మిషన్లో ఏ తేడా లేదండీ. మీరు తలుపు తీసి చదివారు. నేను ఆ తలుపును విని, మీరు దొంగతనం చేశారన్నాను."

ఆయన చేతిలో ఫోను మోగకపోయినా ఒకసారి దానివైపు చూసుకున్నాడు.

మేడమ్ మధ్యలోకొచ్చింది. "దీనికింత గొడవెందుకండీ? మా దగ్గరికొచ్చాక మేం నొక్కే పంపిస్తాం. జనం బస్సుల్లో, వంటింట్లో వింటారు. నిండుది మేం దాచుకోవడానికే" అంది మామూలుగా. ఏళ్ళ తరబడి ఆ గదిలో కాపలా కాసిన సరుకు, గుమ్మం దాటగానే నొక్కుడు పడుతుందన్నమాట.

* * *

మేడమ్ వెళ్ళిపోయాక చిన్నసారు రిమార్కులు రెండూ కొట్టేయించాడు. అల్మరా ఆయన ఎవరికీ ప్రత్యేకంగా దణ్ణాలు పెట్టలేదు, గుమ్మం దగ్గర ఆగి, "తలుపు మాత్రం తీసే చదువుతానమ్మా" అని చెప్పి, దాదాపు పరుగులాంటి నడకతో వెళ్ళిపోయాడు. పక్కింటావిడకు చెప్పిన గంట ఎప్పుడో దాటిపోయింది.

"పరువు తీసేశావక్కా" అన్నాడు చిన్నసారు. కోపంగా అనలేదు, దిగులుగా అన్నాడు. "సరేలే, నీ చెవికొచ్చిన లోటేం లేదు. చప్పుళ్ళు పట్టుకో, తప్పులు పట్టుకో. ఈ నొక్కుడు గొడవ ఇంతటితో వదిలేద్దాం."

"ఇంతటితో ఎలా వదిలేస్తాం? నా మాట మీద ఇంతకుముందు కొంతమందిని తీసేశాం కదా."

"వాళ్ళు ఈపాటికి వేరే పనులు చూసుకుని ఉంటారక్కా. ఇప్పుడెళ్ళి కెలికితే తేనెతుట్టె కదిపినట్టే. అందులో ఒకరో ఇద్దరో నిజంగానే నొక్కింది పంపారేమో, ఎవరికి తెలుసు?"

"అదే కదా. ఎవరికి తెలుసు?" అంది ఆమె.

ఆయన చేతులెత్తేసి తన గదిలోకి వెళ్ళిపోయాడు. ఆమె తీగలాయన దగ్గరికెళ్ళి ఫోను నంబర్లు అడిగింది. వాటికోసం అతను పాత కంప్యూటరు తెరిచి వెతుకుతుంటే పక్కనే నిలబడి, ఏం చెప్పాలో లోపల్లోపల కూర్చుకుంది. పొరపాటు జరిగిందండీ. కాదు, పొరపాటు చేశానండీ. మళ్ళీ చదువుతారా అని అడగొచ్చో లేదో, ఆ అధికారం తనకు ఎవరూ ఇవ్వలేదు. ముందు ఆ మాటైతే చెప్పాలి.

మొదటి నంబరు పిల్లల కథలు చదివిన ఒకావిడది. ఆమెను తీసేసి మూడేళ్ళయింది. కిటికీ లేని తన గదిలో తలుపు వేసుకుని, కుర్చీలో సర్దుకుని కూర్చుని పాముచెవి నంబరు కొట్టింది. చాలాసేపు మోగింది. పెట్టేద్దామనుకుంటుండగా అటునుంచి "హలో" వచ్చింది.

అదే గొంతు. 'లో' దగ్గర కాస్త బొంగురుపోయి మళ్ళీ తేరుకునే గొంతు. రాక్షసుడి మాటలు చదివేటప్పుడు నవ్వు ఆపుకునేది. ఆ నవ్వు ఆపుకున్న చోటల్లా పాముచెవి పక్కన చిన్న గుర్తు పెట్టి, కత్తిరించకుండా వదిలేసేది. ఇప్పుడా గొంతు వెనక ఏదో దుకాణం రద్దీ, సరుకు ధర చదివే ఎర్రలైటు మిషను బీప్, బీప్, క్యూలో ఎవరో విసుక్కోవడం.

"హలో, ఎవరండీ?"

ఈ ప్రశ్నకు ఆమె సిద్ధపడలేదు. ఆ గొంతును ఆమె గంటల తరబడి వింది. దాని దగ్గు, దాని అలసట, దాని పండగ మూడ్‌లూ అన్నీ ఆమెకు తెలుసు. నూరుమందిలో గుర్తుపడుతుంది. ఆ మనిషి మాత్రం ఈమె గొంతు ఒక్కసారి కూడా వినలేదు. వాళ్ళలో ఎవరూ వినలేదు. వాళ్ళకు చేరింది రిమార్కుల గడిలో రెండు మాటలే.

"నేను... మీరు చదివినవి వినేదాన్నండీ" అంది.

"ఏంటండీ? ఇక్కడ గోలగా ఉంది, వినపడట్లేదు. కొంచెం గట్టిగా చెప్పండి."

పాముచెవి కుర్చీలోంచి లేచి నిలబడింది. ఫోను నోటికి దగ్గరగా పెట్టుకుని, తలుపు బయట అందరికీ వినపడేంత గట్టిగా, మళ్ళీ మొదటినుంచి చెప్పింది.